అమ్ముడుపోని విత్తనం వెనక్కొస్తే: రివర్స్ సప్లై చైన్‌లో ఫ్లెక్సిబిలిటీ ఎక్కడుంటుంది

ఆగస్టు వచ్చిందంటే మేడ్చల్, కొంపల్లి వైపు విత్తన కంపెనీల గోడౌన్ల ముందు లారీలు ఆగుంటాయి. లోడు ఎత్తడానికి కాదు, దింపడానికి. ఏప్రిల్, మేలో ఇక్కణ్ణుంచే ఆదిలాబాద్, నల్గొండ, కర్నూలు, గుంటూరు వెళ్లిన సరుకులో అమ్ముడుపోకుండా మిగిలిన పత్తి ప్యాకెట్లు, మొక్కజొన్న బ్యాగులు, వరి బస్తాలు తిరిగి అదే గుమ్మం ఎక్కుతాయి. మా లైన్లో దీన్ని సేల్స్ రిటర్న్ అంటారు, ఎంబీఏ పాఠాల్లో రివర్స్ సప్లై చైన్ అంటారు, డీలర్‌ని అడిగితే "మిగుల్ది పంపించేశాం" అంటాడు, అంతే.

రివర్స్ సప్లై చైన్ గురించి ఎక్కడ చదివినా ఉదాహరణ మాత్రం ఆన్‌లైన్లో కొన్న చొక్కా సైజు కుదరక వెనక్కి పంపడమే. అది చాలా ఈజీ కేసు. చొక్కా మళ్లీ మడతపెట్టి రేపు ఇంకొకరికి అమ్మొచ్చు. విత్తనం అలా కాదు, అది బతికున్న సరుకు, గోడౌన్లో ఉన్నా దాని ఆయుష్షు తగ్గుతూనే ఉంటుంది, పైగా దాన్ని అమ్మగలిగే రోజులు ఏడాదిలో కొన్నే. ఫ్లెక్సిబిలిటీ, అంటే వెసులుబాటు, అని అందరూ ఊరికే వాడేస్తుంటారు కదా, నిజంగా దానర్థం ఏంటో, ఎక్కడ దొరుకుతుందో, ఎవరి జేబులోంచి వస్తుందో ఇక్కడైతే బాగా కనిపిస్తుంది.

ముందు అసలు ఇంత సరుకు ఎందుకు వెనక్కొస్తుందో చూద్దాం. వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికీ తెలియదంటారు, విత్తన వ్యాపారం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. పత్తి రైతు మంచి వాన పడ్డ రెండు మూడు రోజుల్లో షాపుకొస్తాడు, అడిగిన ప్యాకెట్ ఆ పూట కౌంటర్ మీద లేకపోతే పక్క కంపెనీది తీసుకుని వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆ రైతు మనకి లేడు. అందుకే కంపెనీ వాన కంటే ముందే, అమ్ముడుపోతుందనుకున్నదానికంటే ఎక్కువే షాపుల్లో పెట్టేస్తుంది. దీన్ని ప్లేస్‌మెంట్ అంటారు. అసలు అమ్మకం, అంటే రైతు చేతికి వెళ్లడం, లిక్విడేషన్. ఈ రెండింటికీ మధ్య తేడాయే రిటర్న్. మిగిలింది వెనక్కి తీసుకుంటాం అని కంపెనీ మాటివ్వకపోతే డీలర్ అంత సరుకు దించుకోడు, ఎందుకు దించుకుంటాడు, వాన రిస్క్ అతనెందుకు మొయ్యాలి? కాబట్టి రిటర్న్ అనేది ఎక్కడో జరిగిన పొరపాటు కాదు, అమ్మే పద్ధతిలోనే ఉంది.

2023 సీజన్ గుర్తు చేసుకోండి. ఎల్‌నినో ఏడాది. జూన్ 1కి కేరళ తాకాల్సిన రుతుపవనాలు జూన్ 8కి తాకాయి, మనదాకా వచ్చేసరికి ఇంకా లేటు. విత్తనాలు షాపుల్లో, రైతులు ఆకాశం వైపు చూస్తూ. తర్వాత జూలై ఆఖర్లో కుండపోత, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. నీళ్లు నిలిచిన చేలల్లో పంట పోయినవాళ్లు మళ్లీ ఏం వెయ్యాలా అని షాపుల చుట్టూ తిరిగారు. ఆ వెంటనే ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచీ ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. ఒకే సీజన్‌లో విత్తనం కదలకుండా కూర్చోవడం, ఉన్నట్టుండి కావాల్సి రావడం, మళ్లీ అక్కర్లేకుండా పోవడం, మూడూ జరిగాయి. ఏ తేదీకి రిటర్న్ పిలవాలి అని ఆ ఏడాది ఒక సేల్స్ మేనేజర్‌ని అడిగితే ఏం చెప్తాడు?

ఇప్పుడు టైము సంగతి. రివర్స్ చైన్ మీద పనిచేసిన పరిశోధకుల్లో డేనియల్ గైడ్, వాన్ వాసెన్‌హోవ్ ముఖ్యులు. వాళ్లు పదే పదే చెప్పింది ఒకటే, వెనక్కొచ్చిన వస్తువు విలువ ఎంత స్పీడుగా కరిగిపోతుందో దాన్నిబట్టి చైన్ కట్టుకోవాలి అని. కంప్యూటర్లు, ప్రింటర్ల లాంటివి వారానికి సుమారు 1 శాతం విలువ పోగొట్టుకుంటాయి, కాబట్టి వాటిని షాపు దగ్గరే చెక్ చేసి అక్కణ్ణుంచే మళ్లీ తిప్పెయ్యాలి, ఖర్చు ఎక్కువైనా సరే. మెల్లగా విలువ తగ్గే సరుకైతే అంతా ఒకచోటికి చేర్చి తీరిగ్గా, చీప్‌గా చూసుకోవచ్చు. చాలా మంచి సూత్రం, కానీ విత్తనానికి సూటిగా సరిపోదు. విత్తనం విలువ వారం వారం తగ్గదు, మెట్టు దిగినట్టు పడిపోతుంది. జూలై 10న పూర్తి ధర పలికిన పత్తి ప్యాకెట్ ఆగస్టు 10న ఎవరికీ అక్కర్లేదు. మళ్లీ వచ్చే మేలో దానికి ధర ఉంటుంది, ఉంటే గింటే, అప్పటికి మొలకెత్తే శక్తి మిగిలుంటే. అంటే రెండు గడియారాలు నడుస్తున్నాయన్నమాట, ఒకటి మార్కెట్‌ది, అది ఆగి ఆగి నడుస్తుంది, రెండోది గింజ లోపలిది, అది ఆగదు.

ఈ రెండో గడియారాన్ని మాత్రం మనం కొంచెం స్లో చెయ్యగలం. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం అని ఒకటుంది. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గించినా, గింజలో తేమ 1 శాతం తగ్గించినా ఆయుష్షు రెట్టింపు అవుతుంది. దీన్ని తిప్పి చదవండి ఒకసారి. మే నెలలో రేకుల షెడ్డులో, కింద చెక్కలు కూడా వెయ్యకుండా సిమెంట్ నేల మీద, పక్కనే యూరియా బస్తాలు పెట్టుకుని నిల్వ చేసిన డీలర్ దగ్గర ఆ గింజ ఎంత ఆయుష్షు ఖర్చుపెట్టుకుని వస్తుందో. కంపెనీ కోల్డ్ స్టోరేజీ మీద ఎంత పెట్టినా, రిటర్న్ సరుకు నాణ్యత డీలర్ షాపు వెనక గదిలోనే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

సరే, ఇన్ని ఇబ్బందులుంటే ఫ్లెక్సిబిలిటీకి చోటెక్కడుంది? మొట్టమొదట పంటలోనే, రకంలోనే ఉంది. పత్తి మనకి ఖరీఫ్ పంటే, జూన్‌లో మిగిలితే పదినెలలు మొయ్యాలి. మొక్కజొన్న అలా కాదు, ఆగస్టులో వెనక్కొచ్చిన బ్యాగుని అక్టోబర్, నవంబర్‌లో ఖమ్మం వైపో, కృష్ణా, గుంటూరులో వరి కోసిన మాగాణుల్లోకో పంపొచ్చు, మధ్యలో రెండు నెలలే. వరిలో ఇంకా బాగా తెలుస్తుంది. ఎంటీయూ 1010 అంటే 120 రోజుల పంట, వానాకాలం మిగిలింది యాసంగికి, కోస్తాలో అయితే దాళ్వాకి వెళ్లిపోతుంది. అదే సాంబ మసూరి, బీపీటీ 5204, దాదాపు 150 రోజుల రకం, వానాకాలంలో మిగిలిందంటే మళ్లీ వానాకాలం దాకా కూర్చోబెట్టాలి. కాబట్టి రెండు రకాలూ ఒకేలా వెనక్కొచ్చినా వాటి రిటర్న్ ఖర్చు ఒకటి కాదు. ఈ లెక్క ప్లేస్‌మెంట్ రోజే వెయ్యాలి, రెండో సీజన్ దారి ఉన్న రకాన్ని ధారాళంగా పెట్టొచ్చు, దారి లేనిదాన్ని బిగించి పెట్టాలి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే సేల్స్ టార్గెట్ ప్లేస్‌మెంట్ మీద ఉంటుంది గానీ రిటర్న్ తీసేసిన నికర అమ్మకం మీద ఉండదు.

రెండోది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, రంగు. పత్తి గింజని యాసిడ్‌తో నూగు తీసి, పురుగుమందు, తెగులుమందు పట్టించి, ఎర్రగానో నీలంగానో రంగు వేసి ప్యాక్ చేస్తారు. ఆ రంగు వేసేదే ఇది విషం, మనుషులు పశువులు తినకూడదు అని చూడగానే తెలియడానికి. మందు పట్టని వరి విత్తనం మిగిలి జెర్మినేషన్, అంటే మొలక శాతం, పడిపోయిందనుకోండి, మిల్లుకి తోలేస్తే వడ్ల రేటన్నా వస్తుంది. మందు పట్టిన మొక్కజొన్న ఫెయిలైతే కోళ్లదాణాకి కూడా పనికిరాదు, ఎవరైనా పంపితే అది నేరం, కోళ్లు చస్తాయి, మనుషుల దాకా వస్తుంది. దాన్ని ధ్వంసం చెయ్యడమే, దానికి మళ్లీ ఎదురు ఖర్చు. అంటే మందు పట్టించే ఆ కొన్ని నిమిషాల్లో గింజకున్న దారుల్లో సగం మూసుకుపోతాయి. కాబట్టి ఫ్లెక్సిబిలిటీ కావాలనుకునే కంపెనీ చెయ్యాల్సిన పని రిటర్న్ డిపార్ట్‌మెంట్‌లో లేదు, ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఉంది. మొదటి విడతకి సరిపడా మందు పట్టించి ప్యాక్ చెయ్యి, మిగతాది మందు పట్టించకుండా పెద్ద సంచుల్లో ఉంచు, వాన తీరు చూసి రెండో విడత పట్టించు. దీనికి ప్లాంట్ జూన్‌లో రాత్రింబగళ్లు నడవాలి, మనుషులు కావాలి, లైను కొంతకాలం ఖాళీగా కూడా ఉండాలి. ఖాళీ మెషిన్ చూస్తే ఫైనాన్స్ వాళ్లకి ఒళ్లు మండుతుంది, కానీ ఆ ఖాళీయే వాళ్లు కొనుక్కున్న ఫ్లెక్సిబిలిటీ, బిల్లు మీద ఆ పేరుతో కనపడదు అంతే.

మూడోది లాట్ సంగతి, అంటే ఒకే నంబర్ కింద ఒకే విడతగా లెక్కేసే సరుకు, ఇది కొంచెం దగ్గరగా చూడాలి. ప్రతి ప్యాకెట్ మీదా లాట్ నంబర్, టెస్ట్ చేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. మన రూల్స్ ప్రకారం టెస్ట్ తేదీ నుంచి 9 నెలలు చెల్లుబాటు, తర్వాత మళ్లీ టెస్ట్ చేసి ప్రమాణాలు అందుకుంటే ఇంకో 6 నెలలు పొడిగించుకోవచ్చు, దీన్నే రీవ్యాలిడేషన్ అంటారు. కనీస మొలక శాతం హైబ్రిడ్ పత్తికి 75, వరికి 80, హైబ్రిడ్ మొక్కజొన్నకి 90, సోయాకి, వేరుశనగకి 70. టెస్ట్ అంటే లాట్ నుంచి శాంపిల్ తీసి 400 గింజలు మొలకెత్తించి చూస్తారు. లాట్ అంతా ఒకేలా ఉంది కాబట్టి 400 గింజలు మొత్తం లాట్ కథ చెప్తాయన్నది దీని వెనకున్న నమ్మకం. ప్లాంట్ నుంచి బయటికెళ్లేటప్పుడు ఆ నమ్మకం కరెక్టే. తిరిగొచ్చేటప్పుడు కాదు. అదే లాట్ మూడు జిల్లాలకి వెళ్లింది, ఒకచోట పక్కా గోడౌన్, ఒకచోట రేకుల షెడ్డు, ఒకచోట వానకి తడిసిన మూల. లాట్ నంబర్ ఒకటే, చరిత్రలు మూడు.

లెక్క కోసం ఒకటి అనుకుందాం. ఒక పత్తి లాట్ మూడు చోట్ల నుంచి సమానంగా వెనక్కొచ్చింది, మొలక శాతం ఒకదాంట్లో 84, ఇంకోదాంట్లో 82, మూడోదాంట్లో 65. గోడౌన్లో లాట్ నంబర్ చూసి మూడూ ఒకే స్టాక్‌గా పేర్చేసి, కలిపి శాంపిల్ తీస్తే సగటు 77 వస్తుంది. 75 దాటింది, పాస్, కొత్త లేబుల్. మరుసటి ఏడాది ఆ మూడో భాగం పడ్డ రైతుకి చేలో మూడింట ఒక వంతు మొక్కే రాదు, కంపెనీ మాత్రం రికార్డు చూపించి మాది పాసైన లాట్ అంటుంది, పాపం అబద్ధం కూడా కాదు. అందుకని తిరిగొచ్చిన సరుకుని లాట్ వారీగా మాత్రమే కాదు, ఏ డీలర్ దగ్గర్నుంచి వచ్చిందో ఆ వారీగా కూడా విడిగా పేర్చి, విడిగా టెస్ట్ చెయ్యాలి. గోడౌన్లో చోటు ఎక్కువ పడుతుంది, టెస్టులు మూడింతలు అవుతాయి. కానీ ఇలా చేస్తే 84, 82 వచ్చినవి నిశ్చింతగా కాపాడుకోవచ్చు, 65ది పక్కన పెట్టొచ్చు. కలిపేశాక ఆ చాయిస్ లేదు, ఆఖరికి సగటు 74 వచ్చుంటే మంచి గింజ కూడా చెత్తతో పాటు పోయేది.

ఇక్కడే అసలు ఇరుకు ఎక్కడుందో తెలుస్తుంది. అందరూ రిటర్న్ అనగానే గోడౌన్ చాలట్లేదు, లారీలు దొరకట్లేదు అంటారు. నేను చూసినంతలో ఇరుకు ల్యాబ్‌లో ఉంటుంది. పత్తి మొలక టెస్ట్ ఫైనల్ కౌంట్ 12వ రోజు, వరికి 14వ రోజు, మొక్కజొన్నకి 7వ రోజు. రిటర్న్ మొత్తం ఆగస్టు, సెప్టెంబర్‌లో ఒకేసారి మీద పడుతుంది, అదే టైముకి యాసంగి కొత్త విత్తనం టెస్టులు కూడా ఉంటాయి, మొలక గదులు అవే, అనలిస్టులు వాళ్లే. మొక్కజొన్న అయితే ఇంకా తొందర, అక్టోబర్‌లో అమ్మాలంటే సెప్టెంబర్ మధ్యకి రిజల్ట్ చేతిలో ఉండాలి. అలాంటప్పుడు తెలివైన ల్యాబులు టెట్రాజోలియం టెస్ట్ వాడతాయి, గింజని కోసి ద్రావణంలో పెడితే బతికున్న పిండం ఎర్రబడుతుంది, ఒకట్రెండు రోజుల్లో అంచనా తెలిసిపోతుంది. లేబుల్ మీద వెయ్యడానికి దాన్ని వాడకుండా, ఏది ముందు టెస్ట్ చెయ్యాలి, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అని వరుస పెట్టుకోవడానికి వాడాలి. వచ్చింది వచ్చినట్టు వరసలో టెస్ట్ చేస్తే పదినెలలు ఆగాల్సిన పత్తి ముందు టెస్ట్ అయిపోతుంది, ఆరు వారాల్లో అమ్మాల్సిన మొక్కజొన్న లైన్లో నిలబడి ఉంటుంది. చాలా చిన్న విషయంలా ఉంటుంది గానీ డబ్బు మాత్రం ఇక్కడే పోతుంది.

దారి విషయానికొస్తే, వెళ్లిన దారిలోనే వెనక్కి రావాలన్న రూలేం లేదు, ఒక్కోసారి రాలేదు కూడా. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకుంటున్నాయని రీకాల్ చేసినప్పుడు ఇదే జరిగింది. విమానాల్లో వెళ్లిన ఫోన్లు విమానాల్లో వెనక్కి రావడానికి వీల్లేకపోయింది, అమెరికాలో కస్టమర్లకి మంట తట్టుకునే లైనింగ్ ఉన్న పెట్టెలు, గ్లవుజులు పంపి రోడ్డు మీదే తెప్పించుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత కొన్నిటిని చిన్న బ్యాటరీతో నోట్ ఎఫ్ఈ పేరిట 2017 జూలైలో కొరియాలో అమ్మారు. విత్తనంలో అంత డ్రామా లేదు గానీ రవాణాయే సరుకుని చంపేసే కేసు మనకీ ఉంది, సోయా. సోయా గింజ పైపొర చాలా పల్చన, బస్తాని లారీ మీంచి ఒక్కసారి నేలకేసి కొడితే చాలు లోపల పిండం దెబ్బతింటుంది, చూడ్డానికి గింజ బాగానే ఉంటుంది, మొలవదు. ఆదిలాబాద్ దాకా వెళ్లి, అక్కడ దింపి, మళ్లీ ఎక్కించి, మళ్లీ హైదరాబాద్‌లో దింపితే ఎన్ని దెబ్బలు? సోయా రిటర్న్‌ని ప్లాంట్‌కి తెప్పించుకోవడం కంటే అక్కడే, నిర్మల్‌లోనో ఆదిలాబాద్‌లోనో, ఒక చిన్న నిల్వ గది పెట్టుకుని, శాంపిల్ ఒక్కటే హైదరాబాద్ పంపితే మేలు. సరుకు కదలక్కర్లేదు, సమాచారం కదిలితే చాలు.

దీన్నే ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తే అసలు వెనక్కి రాకుండా చూసుకోవడం వస్తుంది. 2024 మే నెలాఖర్లో ఆదిలాబాద్‌లో ఒకే ఒక్క పత్తి హైబ్రిడ్ కోసం రైతులు ఎండలో క్యూలు కట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ఇలా ఒకచోట కొరత నడుస్తుంటే ఇంకోచోట అదే కంపెనీ సరుకు కదలకుండా ఉండడం మామూలే. జిల్లా నుంచి జిల్లాకి, డీలర్ నుంచి డీలర్‌కి అడ్డంగా మార్చేస్తే రిటర్న్ ఉండదు, కొరతా తగ్గుతుంది. వినడానికి బాగుంది కదా, చెయ్యడానికి మూడు తలనొప్పులు. డీలర్ తన దగ్గర ఎంత మిగిలిందో నిజం చెప్పడు, ఎందుకు చెప్తాడు, రేపు వాన పడితే తనకే కావాలి. డిస్ట్రిబ్యూటర్ మారితే క్రెడిట్ నోట్ (తిరిగిచ్చిన సరుకు డబ్బు ఖాతాలో జమ చేసే కాగితం) ఒకరికి, ఇన్వాయిస్ ఇంకొకరికి, స్కీములో ఎవరికి పాయింట్లు అనే గొడవ మొదలు. రాష్ట్రం దాటాలంటే అక్కడ ఆ హైబ్రిడ్‌కి అమ్మకం అనుమతి ఉండాలి. వీటిలో మొదటిదే గట్టి ముడి. సీజన్ మధ్యలో మిగులు నిజాయితీగా చెప్పిన డీలర్‌కి ఏదో ఒక లాభం ఉండాలి, కనీసం మార్జిన్ పోకుండా చూడాలి, లేకపోతే ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా అందులో ఎక్కేది అబద్ధమే.

రిటర్న్ పాలసీ ఎంత వదులుగా ఉంటే డీలర్ అంత ఎక్కువ ఆర్డర్ పెడతాడు, పైగా హిట్ హైబ్రిడ్ కావాలంటే కదలని రకం కూడా దించుకో అని అంటగట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, ఆ అంటగట్టింది అచ్చంగా ఆగస్టులో ఇంటికొస్తుంది. బిగిస్తే ఏమవుతుంది? కొన్ని కంపెనీలు జూలై మధ్యలోపు తిప్పి పంపితే పూర్తి క్రెడిట్, ఆలస్యమైతే కోత అని పెడతాయి. గింజ ఆరోగ్యానికి ఇది మంచిదే, ఎంత త్వరగా రేకుల షెడ్డులోంచి బయటపడితే అంత ఆయుష్షు. కానీ 2023 లాంటి జూలై వస్తే? డీలర్లు భయపడి 15కల్లా పంపేశారు, 27న వరద, 30న రైతు వచ్చి విత్తనం అడిగితే షాపు ఖాళీ. తొందరగా తెప్పించుకోవాలనే తెలివి, ఆఖరిదాకా ఉంచాలనే తెలివి, రెండూ కరెక్టే, రెండూ ఒకదాన్నొకటి పొడుస్తాయి. నాకైతే ఇందులో మధ్యేమార్గం పంటల వారీగా తేదీలు పెట్టడమే అనిపిస్తుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉన్న క్రీడా (CRIDA, మెట్ట వ్యవసాయం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు జిల్లాల వారీగా కంటింజెన్సీ ప్లాన్లు తయారుచేసి పెట్టారు, రుతుపవనం రెండు వారాలు లేటైతే ఏం వెయ్యాలి, నాలుగైతే ఏంటి, ఆరు, ఎనిమిదైతే ఏంటి అని. వాటిని రైతుల కోసమే అనుకుంటాం గానీ రిటర్న్ క్యాలెండర్ వేసుకోవడానికి అంతకంటే మంచి కాగితం లేదు. జూలై ఆఖరికి పత్తి ఇంక వెయ్యరు కాబట్టి పత్తి వెనక్కి పిలువు, కంది, ఆముదం లాంటివి అప్పుడే అడుగుతారు కాబట్టి వాటిని ఆగస్టు దాకా కదపకు. అందరికీ ఒకే తేదీ అని హెడ్డాఫీసు నుంచి మెయిల్ కొట్టడం ఈజీ, అందుకే అలా జరుగుతుంది.

డబ్బు సంగతి మాట్లాడకుండా ఫ్లెక్సిబిలిటీ గురించి మాట్లాడ్డం కాలక్షేపం. పత్తి విత్తనానికి కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది, బీజీ 2 (కాయతొలుచు పురుగుల కోసం చేసిన బీటీ పత్తి) రకం 475 గ్రాముల ప్యాకెట్ 2024-25లో 864 రూపాయలు, 2025-26లో 901. కాబట్టి రిటర్న్ ఖర్చు పెరిగిందని కంపెనీ ఆ రేటు దాటి ప్యాకెట్ ధర పెంచుకోలేదు. మరి ఆ ఖర్చు ఎటు పోతుంది? డీలర్ మీదికి కొంత తోస్తారు, క్రెడిట్ నోట్ లేటుగా ఇచ్చి. మిగతాది ఉత్పత్తి వైపు పోతుంది, ఇది చాలామందికి కనపడని వైపు. పత్తి విత్తనం పండేది ఎక్కువగా గద్వాల, నంద్యాల వైపు, ఆడ పువ్వుకి మగ పువ్వు పుప్పొడి చేత్తో అంటించే పని. ఆ చేలు కూడా ఖరీఫ్‌లోనే పడతాయి, అంటే ఈ ఏడాది రిటర్న్ ఎంతో తేలకముందే వచ్చే ఏడాదికి విత్తన సాగు మొదలైపోతుంది. ఆగస్టులో గోడౌన్ నిండేసరికి అబ్బో ఇంత మిగిలిందా అని లెక్క చూసుకుని, ఎకరానికి ఇంతే కొంటాం, క్రాసింగ్ ఇక ఆపెయ్యండి అంటే ఎలా ఉంటుంది? కంపెనీ కోణంలో అది ప్రొడక్షన్ ఫ్లెక్సిబిలిటీ, ప్రెజెంటేషన్‌లో పెట్టుకోవచ్చు. అప్పటికే కూలీలకి అడ్వాన్సులిచ్చి, మందులు కొట్టి కూర్చున్న రైతుకి అది నష్టం, అంతే. చైన్‌లో ఒకరికి వెసులుబాటు దొరికిందంటే ఇంకొకరికి బిగుసుకుందనే అర్థం, బిగుసుకున్నవాడికి దానికి తగ్గ డబ్బు అందిందా లేదా అన్నదొక్కటే అడగాల్సిన ప్రశ్న.

పోనీ మిగులు అంతా నష్టమేనా అంటే కాదు, ఇది కూడా చెప్పాలి. హైబ్రిడ్ విత్తనానికి జన్యు స్వచ్ఛత తేల్చే గ్రో అవుట్ టెస్ట్ అంటే మొక్క పెంచి చూడాలి, నెలలు పడుతుంది, కొత్తగా పండిన విత్తనానికి సీజన్ నెత్తి మీదికి వచ్చేదాకా ఆ రిజల్ట్ కోసం ఎదురుచూపే. పోయినేటి సరుకుకి ఆ టెస్ట్ అయిపోయి ఉంటుంది, నిల్వలో జన్యు స్వచ్ఛత మారదు, మొలక ఒక్కటి చూసుకుంటే చాలు. కాబట్టి బాగా దాచిన క్యారీ ఓవర్ సరుకు అందరికంటే ముందు మార్కెట్లో దిగొచ్చు, గద్వాలలో పంట దెబ్బతిన్న ఏడాది అదే ఆదుకుంటుంది. రిటర్న్‌ని ఖర్చు పద్దులోంచి తీసి వచ్చే ఏడాది సరఫరా పద్దులో రాసుకునే కంపెనీకి కోల్డ్ స్టోరేజీ కరెంటు బిల్లు అంత బరువనిపించదు.

ఇక ఫెయిలైన సరుకు. మందు పట్టిన, రంగు పడిన, మొలవని గింజ. దీన్ని పద్ధతిగా ధ్వంసం చెయ్యాలంటే తూకాలు, సాక్షులు, రికార్డులు, ఖర్చు. ఇక్కడ ఎవరైనా చూసీ చూడనట్టు వదిలితే అది స్క్రాప్ పేరుతో గేటు దాటి, రీప్యాక్ అయి, మెరిసే కొత్త కవర్లో జూన్‌లో ఊళ్లలో తేలుతుంది. మే నెలలో మన పేపర్లలో వచ్చే కాలం చెల్లిన విత్తనాల పట్టివేత వార్తల్లో ఇలాంటివీ ఉంటాయి. తెలంగాణలో నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ల మీద పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా పెట్టారు. పట్టుకునేది ఎప్పుడూ చివరి షాపులోనే, సరుకు ఏ గేటు నుంచి బయటికొచ్చిందో దాకా కేసు వెళ్లడం తక్కువ. వెసులుబాటు ఎన్నిచోట్ల ఇచ్చినా సరే, ఇక్కడ మాత్రం గట్టిగా ఉండాలి, ఫెయిలైన లాట్‌కి ఒకే దారి, దానికి సంతకం పెట్టేది సేల్స్ వాళ్లు కాకూడదు.

విత్తనాల ట్రేసింగ్ కోసం కేంద్రం 2023 ఏప్రిల్‌లో సాథీ పోర్టల్ తెచ్చింది, ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ కొడితే ఎక్కడ పండింది, ఎవరు ప్రాసెస్ చేశారు అనేది తెలియాలని ఉద్దేశం. నా కోరికల్లా ఒకటే, ఆ కోడ్ వెనక్కొచ్చే దారిలో కూడా స్కాన్ అవ్వాలి. ఏ డీలర్ దగ్గర ఎన్ని రోజులుంది, ఎప్పుడు తిరిగొచ్చింది, రీటెస్ట్‌లో ఎంత వచ్చింది, ఫెయిలైతే ఎప్పుడు ధ్వంసమైంది. అప్పుడు 84, 82, 65 కలిపి 77 చెయ్యడం కుదరదు. అది వచ్చేలోపు షాపులో ప్యాకెట్ తీసుకునేటప్పుడు కంపెనీ పేరు, బొమ్మ కంటే ముందు టెస్ట్ తేదీ, చెల్లుబాటు తేదీ చూడండి, పాత లేబుల్ మీద కొత్త స్టిక్కర్ అంటించి ఉంటే అది రీవ్యాలిడేషన్ సరుకు కావొచ్చు, అదేం తప్పు కాదు, కానీ రశీదు మీద లాట్ నంబర్ రాయించుకోండి, ఓ గుప్పెడు గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి మొలక చూసుకునే విత్తండి.